లాగే కణాలు, వణికే చెయ్యి

మునిరత్నం కుడిచెయ్యి వణకడం మొదలైన రోజు అతనికి గంటతో సహా గుర్తుంది. నవంబరు రెండో మంగళవారం, పొద్దున పదకొండు. సన్నటి పట్టకారుతో గోరంత గాజుబిళ్ళను పట్టుకుని, చుక్కంత జెల్ మీద దించబోతున్నాడు. బిళ్ళ అంచు ఒకసారి మెరిసింది. మళ్ళీ మెరిసింది. గదిలో ఫ్యాను తిరగడం లేదు, దీపం కదలడం లేదు. కదులుతున్నది తన వేళ్ళే.

బిళ్ళ కింద బుడగ పడింది. పని పట్టుబడ్డాక ఈ నాలుగేళ్ళలో అతని చేతి కింద పడిన మొదటి బుడగ అది. అటూ ఇటూ చూసి దాన్ని చెత్తడబ్బాలో వేసి, ఎవరికీ కనబడకుండా పైన రెండు దూది ఉండలు కప్పాడు.

ఆనాటి నుంచి మునిరత్నానికి ఒకటే దిగులు. లాబ్‌లో ఎవరి కంటనైనా ఈ వణుకు పడిందంటే జెల్ పని పోతుంది. ఉద్యోగం పోకపోవచ్చు. సీసాలు కడగమంటారు, సిలిండర్లు మార్చమంటారు, సామాన్లు మొయ్యమంటారు. కానీ ఆ లాబ్‌లో జెల్ పొయ్యని మునిరత్నం అంటే ఎవరు? యాభై ఎనిమిదేళ్ళ ఒక బట్టతల మనిషి, అంతే.

ఆ పరిశోధనాలయం షోళింగనల్లూరులో ఐటీ ఆఫీసుల వెనక సందులో ఉంది. అక్కడ కొలిచేది బలం. ఏనుగుదీ ఇంజనుదీ కాదు, కంటికి కనబడని జీవకణం బలం. మన చర్మం కింద ఉండే కణాలు ఊరికే కూర్చోవు. కూర్చున్న చోటును వేళ్ళతో పట్టుకున్నట్టు పట్టుకుని లాగుతూనే ఉంటాయి. గాయమైనప్పుడు చుట్టూ ఉన్నవన్నీ కలిసి లాగి దాని నోరు మూస్తాయి. షుగరు ఉన్నవాళ్ళకు కాలి పుండు నెలల తరబడి మానదు కదా, అక్కడి కణాలు సరిగ్గా లాగలేకపోతున్నాయా అనేది నివేదిత ప్రశ్న. ఆ అమ్మాయిది గుంటూరు. డాక్టరేటు కోసం వచ్చి ఈ ప్రశ్న పట్టుకుని మూడేళ్ళయింది. జనవరి మొదటివారానికల్లా ఫలితాలు ఇవ్వాలి.

కొలిచే పద్ధతి వినడానికి మాయలా ఉంటుంది గానీ కష్టమైనదేం కాదు. తాటిముంజెలా మెత్తగా, అద్దంలా తేటగా ఉండే పలచని జెల్ పొర పోస్తారు. అందులో ముందే లక్షల కొద్దీ పూసలు కలిపి ఉంచుతారు. దుమ్ముకణం కంటే చిన్నవి, లేజరు వెలుగు పడితే మెరుస్తాయి. ఆ పొర మీద కణాన్ని కూర్చోబెడతారు. అది లాగితే ముంజె నొక్కుకుంటుంది, పూసలు జరుగుతాయి. అప్పుడొక ఫోటో. తర్వాత ఒక మందు చుక్క వేసి కణం పట్టు వదిలిస్తారు. ముంజె తన ఆకారానికి తాను వస్తుంది, పూసలు వాటి చోటికి చేరతాయి. అప్పుడొక ఫోటో. రెండు ఫోటోలకూ తేడా ఎంతో అదే లెక్క. ఏ పూస ఎటు ఎంత జరిగిందో కంప్యూటరు చిన్నచిన్న బాణాలుగా గీసి చూపిస్తుంది.

ఈ సంగతి మునిరత్నానికి ఎవరూ నేర్పనక్కర్లేకపోయింది. అతను ముప్ఫై ఏళ్ళు పెరంబూరులో రైలుపెట్టెల స్ప్రింగులు పరీక్షించే ఒక చిన్న షెడ్డులో పనిచేశాడు. స్ప్రింగును గోటితో మీటి, చెవి పెట్టి విని, ఇది ఫస్టుక్లాసు పెట్టెకు పోతుందా గూడ్సుబండికి పోతుందా చెప్పేవాడని వాళ్ళ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందులో సగం కొట్టేసినా మిగిలిన సగం తక్కువేం కాదు. షెడ్డు మూతపడ్డాక ఇక్కడికి వచ్చినప్పుడు లాబ్ పెద్ద, డాక్టర్ పరిమళ, అతని ముందు జెల్ పెట్టి, ఇదేమిటో తెలుసా అని అడిగింది. మునిరత్నం దాన్ని గుండుసూది తలతో నొక్కి వదిలి చూశాడు.

"ఇది కూడా స్ప్రింగే కదా మేడమ్. ఎంత నొక్కుకునిందో కొలిస్తే ఎంత బరువు పడిందో తెలిసిపోతాది. ఆడ బోగీ, ఈడ పురుగు. అంతే దానే."

"పురుగు కాదు, కణం," అంది పరిమళ. మరుసటి సోమవారం నుంచి రమ్మంది.

అప్పటి నుంచి ఆ లాబ్‌లో జెల్ అంటే మునిరత్నం, మునిరత్నం అంటే జెల్. పూసలు కలపడం, చుక్క పొయ్యడం ఎవరైనా చేస్తారు. దాని మీద గాజుబిళ్ళను ఒక అంచు నుంచి మెల్లగా వాల్చి, బుడగ పడకుండా, అంతటా ఒకే మందం వచ్చేలా దించడం మాత్రం అతని చెయ్యే చెయ్యాలి. బొంబాయి నుంచి వచ్చిన పెద్ద ప్రొఫెసరు ఒకాయన ఇది చూసి, ఏ యంత్రం వాడుతున్నారని అడిగాడట. పరిమళ మునిరత్నాన్ని పిలిచి చూపించిందట. ఆ కథను మునిరత్నం భార్య కనకవల్లి ఆ వీధిలో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు.

అలాంటి చెయ్యి ఇప్పుడు వణుకుతోంది. అతను దాన్ని దాచడంలోనే పొద్దంతా గడుపుతున్నాడు. హాజరు పుస్తకంలో సంతకం అందరికంటే ముందొచ్చి పెట్టేస్తున్నాడు. టీ తాగడానికి మెట్లకిందికి పోతున్నాడు. జెల్ గది తలుపు లోపల గడియ పెట్టుకుంటున్నాడు. ఎందుకని అడిగితే దుమ్ము వస్తోందన్నాడు. ఊపిరి బిగబట్టి, మోచేతిని బల్లకు ఆనించి, ఎలాగో పది బిళ్ళలు తెచ్చి ఇస్తున్నాడు గానీ, వాటి కోసం ఎన్ని పారేస్తున్నాడో చెత్తడబ్బాకే తెలుసు.

అంతకంటే పెద్ద దిగులు డిసెంబరు రెండోవారం శుక్రవారం నాడు వచ్చింది.

"మునిరత్నం గారూ, ఒక్కసారి ఇటొస్తారా," అని నివేదిత మైక్రోస్కోపు గదిలోంచి పిలిచింది. కంప్యూటరు తెర మీద నల్లటి చతురస్రం, దాని నిండా పచ్చటి బాణాలు. "ఇక్కడ కణం ఉందా అండీ?"

"లేదు పాపా. ఖాళీ."

"ఖాళీ చోట పూసల్ని ఎవరు లాగుతున్నారండీ మరి? దయ్యాలా?"

మునిరత్నం వంగి చూశాడు. బాణాలు ఒకటి అటు, ఒకటి ఇటు. పండగ ముందురోజు సౌకార్‌పేట బజారులో జనంలా అందరూ తోస్తున్నారు, ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు.

"ఎప్పట్నుంచి ఇట్ల ఉండాది?"

"నవంబరు నుంచి. మొదట్లో కొంచెమే అనుకున్నా. ఆరువారాల బొమ్మలు తిరగేశాను, అన్నిట్లోనూ ఉంది. కణం ఎంత లాగిందో, ఈ పిచ్చి బాణాలు ఎంతో విడదియ్యలేకపోతున్నా."

నవంబరు అన్న మాటకు మునిరత్నం చెయ్యి దానంతటదే ప్యాంటు జేబులోకి పోయింది. అక్కడ తాళాలగుత్తి గలగలమంది. గుత్తిని గట్టిగా పట్టుకున్నాడు.

"రోడ్డు మీద మెట్రోవాళ్ళు తవ్వతా ఉండారే, దానివల్లేమో," అన్నాడు.

"అదీ అనుకున్నానండీ. కానీ ఈ బల్ల గాలి మీద తేలుతుంది కదా. బయట ఏం అదిరినా పైకి రాకుండా ఉండటానికే కదా కొన్నది. గాలి ప్రెషరు కూడా చూశాను, ముల్లు సరిగ్గానే ఉంది." ఆ అమ్మాయి కళ్ళజోడు తీసి కళ్ళు నలుపుకుంది. "తప్పు నాదే అయ్యుంటుంది. కణాల్ని ఎక్కడో పాడు చేసుంటాను. సోమవారం మేడమ్‌కి చెప్పేస్తా. మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలంటే జనవరికి అవ్వదు."

నీ తప్పు కాదు పాపా, నా చెయ్యి వణుకుతోంది, జెల్ సమంగా రావడం లేదు, అందుకే పూసలు అట్ల పోతున్నాయి, అని చెప్పాలి. ఆ మాట మునిరత్నం నోటిదాకా వచ్చి అక్కడే కూర్చుంది.

"టీ తెచ్చేదా పాపా," అన్నాడు.

ఆ మాటన్నందుకు అతను శని, ఆదివారాలు రెండూ తనను తాను తిట్టుకున్నాడు. శనివారం పొద్దున దినపత్రికలో ఒక కాగితం చించి కుడిచెయ్యి చాపి దాని మీద పరిచి చూశాడు. కాగితం అంచు తూనీగ రెక్కలా ఆడింది. ఎడమచేతి మీద పరిచాడు. కదల్లేదు. కుడిచేతి మీదే మళ్ళీ పరిచి, ఒక పక్క వార్త మొత్తం చదివాడు, ఈలోగా తగ్గుతుందేమోనని.

"ఏమయ్యా, చేతిమీద పెట్టుకుని చదవతా ఉండావు, టేబులు లేదా," అంది కనకవల్లి వంటింట్లోంచి.

"అక్షరాలు చిన్నవి."

"చిన్నవైతే దగ్గిర పెట్టుకోవాల. ఊపుకుంటా చదివితే పెద్దవైపోతాయా?"

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. భోజనానికి కూర్చుని అన్నం ముందు చాలాసేపు చేతులు కట్టుకున్నాడు. ఏమైందంది. ఏం లేదన్నాడు. ఏం లేదని చెప్పేదానికి ఇంతసేపు ఆలోచించే మనిషిని ఈడనే చూస్తా ఉండా, అంది ఆమె.

సోమవారం పెరంబూరులో లోకల్ ఎక్కినప్పటి నుంచి అతను ఒకటే మాటను నాలుగు రకాలుగా చెప్పుకుంటూ వచ్చాడు. బీచ్ స్టేషన్‌లో బండి మారేటప్పటికి అది ఒక పేజీ అయింది. బస్సులో దాన్ని సగానికి తగ్గించాడు. లాబ్ మెట్లెక్కేటప్పటికి ఒక్క ముక్కా మిగల్లేదు. పైన పరిమళ గది తలుపు మూసి ఉంది, అద్దంలోంచి నివేదిత వీపు కనబడుతోంది. ఆ అమ్మాయి తలవంచుకుని మాట్లాడుతోంది.

మునిరత్నం తలుపు కొట్టకుండానే లోపలికి వెళ్ళాడు. అలా వెళ్ళడం అదే మొదటిసారి.

"మేడమ్, ఆ పాప తప్పు కాదు. నా చెయ్యి వణకతా ఉండాది."

పరిమళది తమిళం. అతనితో మాత్రం తెలుగూ తమిళమూ కలిపి మాట్లాడుతుంది. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఎప్పుడు నుంచి?"

"నవంబరు రెండో మంగళవారం మేడమ్. పదకొండు గంటలకి."

"చెయ్యి చాపండి."

కాన్వెంటు స్కూల్లో గోళ్ళు చూసే సిస్టరు ముందు పిల్లాడు చాపినట్టు చాపాడు. చెయ్యి వణికింది. ఇద్దరూ దాన్ని చూస్తున్నారని తెలిసి ఇంకాస్త ఎక్కువ వణికింది. మునిరత్నం గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. ఇక అయిపోయింది అనుకున్నాడు. తాళాలగుత్తి ఎవరికి ఇవ్వాలో, జెల్ గదిలో తన సొంత పట్టకారు ఒకటి ఉంది, అది ఇంటికి తీసుకుపోనిస్తారో లేదో అనుకున్నాడు.

"నాతో శుక్రవారమే చెప్పొచ్చు కదండీ," అంది నివేదిత.

"చెప్పాలనే పాపా. టీ అని వచ్చేసినాది."

నివేదిత అతని వేళ్ళనే చూస్తోంది. కోపంగా కాదు, మైక్రోస్కోపులో చూసినట్టు చూస్తోంది. "మేడమ్, ఇది తేల్చడం సులువే. ఇవాళ జెల్ నేను పోస్తాను. కణాలు వద్దు, ఖాళీ జెల్ చాలు. నా జెల్‌లో బాణాలు రాకపోతే చెయ్యే కారణం. వస్తే కాదు."

"పొయ్యి," అంది పరిమళ.

నివేదితకు ఒక్క మంచి బిళ్ళ రావడానికి తొమ్మిది బిళ్ళలు పట్టాయి. మునిరత్నం పక్కనే నిలబడి ప్రతి బుడగకూ తనే చేసినట్టు ముఖం చిట్లించాడు. దాన్ని పరిమళ ఎదుట మైక్రోస్కోపు కింద పెట్టి ముందొక ఫోటో, కాసేపాగి మరొక ఫోటో తీశారు. కంప్యూటరు కాసేపు ఆలోచించి బాణాలు గీసింది. తెర నిండా గీసింది.

అంటే చెయ్యి కాదు. మునిరత్నానికి మనసు తేలికపడాలి. పడలేదు. ఇన్నాళ్ళూ రోగం ఎక్కడుందో తెలుసనుకున్నాడు, ఇప్పుడది గదిలో ఎక్కడైనా ఉండొచ్చు. నివేదిత ముఖం పాలిపోయింది. చెయ్యి అయినా బాగుండేది, మరొకరు పోసుకుంటే సరిపోయేది.

అప్పుడే బయట మెట్రో యంత్రం ధడ్‌మంది. మునిరత్నం ఆ చప్పుడును చెవితో విన్నాడు, వెంటనే అరికాలితో విన్నాడు, ఆ తర్వాత బల్ల మీద ఆనించిన అరచేతితో కూడా విన్నాడు. మూడోది వినబడకూడదు.

అతను బల్ల మూలను అరచేతితో కిందికి నొక్కి వదిలాడు. నాలుగు కాళ్ళ మీద గాలితిత్తులు, వాటి మీద తేలే ఉక్కుపలక. నొక్కితే నీళ్ళమీది తెప్పలా మెల్లగా దిగి, మెల్లగా లేవాలి. ముందువైపు రెండు మూలలూ అలాగే దిగి లేచాయి. గోడవైపు ఎడమ మూల మాత్రం టక్‌మని ఆగిపోయింది.

"ఈ స్ప్రింగు చచ్చిపోయి ఉండాది," అన్నాడు మునిరత్నం. ఫోను లైటు వేసుకుని, మోకాళ్ళ మీద బల్ల కిందికి దూరాడు.

లైటు ఆ మూల వైపు తిప్పాడు. తర్వాత లోపల్నుంచి సన్నగా, "మేడమ్, ఈడ పూజ జరగతా ఉండాది," అన్నాడు.

పరిమళా నివేదితా వంగి చూశారు. ఉక్కుపలకకూ కింద కాలిచట్రానికీ నడుమ రెండు వేళ్ళ సందు ఉంది. ఆ సందులో బిగుతుగా ఒక ఏటవాలు చెక్కముక్క. దాని ముఖానికి పసుపు, పసుపు మీద ఎర్రగా కుంకుమ బొట్టు, పైన మూడురోజుల కింద పెట్టిన మల్లెపూలు.

ఆ చెక్కను మునిరత్నం చూడగానే గుర్తుపట్టాడు. పెరంబూరు షెడ్డులో దాన్ని ఆప్పు అంటారు. కదిలేది కదలకుండా సందులో కొట్టి బిగించడానికి. అక్టోబరులో ఆయుధపూజ నాడు లాబ్‌లో యంత్రాలన్నిటికీ బొట్లు పెట్టి, మైక్రోస్కోపు ముందు దీపం వెలిగించారు. షెడ్డులో ముప్ఫై ఏళ్ళు పూజ చేయించినవాడు కాబట్టి ఏర్పాట్లన్నీ మునిరత్నానివే. బల్ల తేలుతుంటే దీపం ఊగింది. ఊగితే నూనె ఒలుకుతుంది, పైగా దీపం ఊగకూడదని అతని పట్టుదల. రెండు ఆప్పులు చెక్కి తెచ్చి, పూజలో పెట్టే ఏ వస్తువునైనా ఉత్తగా పెట్టకూడదు గనుక వాటికీ పసుపు రాసి బొట్టు పెట్టి, గోడవైపు రెండు మూలలా బిగించాడు. పూజలో పెట్టినదాన్ని మర్నాటిదాకా కదిలించరు. మర్నాడు అతను అత్తగారి ఊరికి పోవాల్సొచ్చింది. తిరిగొచ్చేసరికి పూలూ అరటిపిలకలూ ఎత్తేసి గది శుభ్రంగా ఉంది. ఆప్పులూ పోయాయనుకున్నాడు. చూసుకోలేదు. స్ప్రింగు మీద బతికినవాడు స్ప్రింగు కిందే ఆప్పు కొట్టి మరిచిపోయాడు. నవంబరులో మెట్రో యంత్రం సందు మొగదలకు వచ్చేదాకా అది ఎవరికీ అడ్డు కాలేదు.

"మరి ఈ మల్లెపూలు ఎవరు పెట్టారండీ?" అంది నివేదిత.

గది తుడిచేది అమ్మాసి. ఆమెను పిలిచారు. వచ్చి, మునిరత్నం చెయ్యి సందు దగ్గర ఉండటం చూసి కంగారుపడింది.

"అన్నా, దాన్ని తాకొద్దు. సామి అది."

"ఏ సామి అమ్మాసీ?"

"అది నన్నడిగితే ఎట్ల? మీరే దానే పెట్టినారు. ఒక సామి జారి కింద పడి ఉంటే బావిలో వేసేస్తిని. ఇంకోటి గట్టిగా కూర్చోనుంది, లాగినా రాలేదు. సరే, ఆయనకు ఈడనే ఉండాలని ఉండాదని వదిలేస్తిని. శుక్రవారం శుక్రవారం పూవు పెడతా ఉండా." ఆమె గొంతు తగ్గించింది. "మా కోడలికి మొన్న ఉద్యోగం వచ్చినాది అన్నా."

పరిమళ కిటికీ వైపు తిరిగి కొంచెంసేపు రోడ్డును చూసింది. తిరిగినప్పుడు ముఖం మామూలుగానే ఉంది. "అమ్మాసీ, సామిని అక్కడి నుంచి లేపాలి. నువ్వే లేపు."

అమ్మాసి గోడ గడియారం చూసింది. పదకొండు దాటింది. "రాహుకాలం పోయినాది. లేపొచ్చు," అంది. నేల మీద కూర్చుని రెండు చేతులతో చెక్కను పట్టుకుని అటూ ఇటూ ఆడించి లాగింది. మునిరత్నం పైన పలకను భుజంతో ఎత్తిపట్టాడు. చెక్క ఊడింది. తిత్తుల్లో గాలి ఉస్సుమంది. ఆ మూల వెంట్రుకవాసి లేచి నిలిచింది. అమ్మాసి సామిని కొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ ఫోటోలు తీశారు. బయట యంత్రం ధడ్‌మంటూనే ఉంది. తెర మీద చతురస్రం నల్లగా వచ్చింది. ఒక్క బాణం లేదు. నివేదిత నమ్మక ఇంకో చోట తీసింది. అక్కడా లేదు.

శుక్రవారం మునిరత్నం పోసిన జెల్ మీద కూర్చోబెట్టిన కణాలు వెచ్చటి పెట్టెలో ఉన్నాయి. నివేదిత వాటిలో ఒకదాన్ని తెచ్చి పెట్టింది. ఫోటో తీసి, మందు చుక్క వేసి, కణం పట్టు వదిలాక మళ్ళీ తీసింది. ఈసారి బాణాలు వచ్చాయి. చుట్టూ ఖాళీ, మధ్యలో కణం ఉన్నచోట మాత్రం అంచులన్నిటి నుంచీ లోపలికి గుచ్చుకున్నట్టు, గుప్పిట బిగించినట్టు. నివేదిత కుర్చీలో వెనక్కి వాలి ఊపిరి వదిలింది.

"ఎంత లాగినాది పాపా?" అన్నాడు మునిరత్నం.

ఆ అమ్మాయి లెక్క కట్టింది. "దీన్ని మీకెలా చెప్పాలి... ఇలాంటివి ఒక యాభై లక్షలు ఒకేసారి లాగితే మీ ఇంట్లో ఇడ్లీ ఒకటి లేస్తుందండీ."

"ఒక ఇడ్లీకి అంతమందా." అతను తెర వైపు మరింత వంగాడు. "అయినా విడవకుండా ఎట్ల పట్టుకోనుందో చూడు."

తర్వాత అతను నిటారుగా నిలబడి చెప్పాల్సింది చెప్పాడు. "నీ ఆరువారాలు పోగొట్టింది నేనే పాపా. చేత్తో కాదు, చెక్కతో. ఇంకోరి మీదికి పొయ్యేది కాదు ఇది."

"పోగొట్టారు," అంది నివేదిత. ఆ మాట తియ్యగా ఏం లేదు. "నలభై జెల్స్ కావాలండీ నాకు, మూడువారాల్లో."

"చెక్క సంగతి అయిపోయింది," అంది పరిమళ. "చెయ్యి సంగతి అవలేదు. మునిరత్నం సార్, పది పొయ్యండి. మేం చూస్తుంటాం. తలుపు తీసే పొయ్యండి."

అతని జీవితంలో అంత పొడుగైన అరగంట లేదు. మొదటి బిళ్ళకు చెమట కంట్లోకి జారింది. రెండోదానికి బుడగ పడింది. మూడూ నాలుగూ బాగానే దిగాయి. అయిదోదాని దగ్గర వణుకు మణికట్టు నుంచి వేళ్ళలోకి రావడం అతనికి తెలుస్తూనే ఉంది. ఆగి, అది వచ్చిపోయేదాకా బిళ్ళను గాల్లోనే ఉంచి, అప్పుడు వాల్చాడు. పదీ అయ్యాక నివేదిత ఒక్కొక్కటి మైక్రోస్కోపులో చూసింది. ఏడు బాగున్నాయి. మూడింటిలో బుడగలు.

"పదికి ఏడు," అంది పరిమళ. ఆమె మాటలో జాలి లేదు, అది మునిరత్నానికి కొంత మేలనిపించింది. "ముందు పదికి పది. అవునా?"

"అవును మేడమ్."

"నలభై కావాలంటే అరవై దాకా పోస్తారు. పొయ్యండి. కానీ రేపు ఇది ఆరు కావచ్చు, అయిదు కావచ్చు. నివేదితకు నేర్పించండి. ఆమెకు పదికి పది వచ్చిన రోజు ఈ పని ఆమెది. అంతదాకా మీది. ఈ వారంలో డాక్టరుకు చూపించి కాగితం తేవాలి. దాచడం మాత్రం ఇక పోదుం, చాలు."

మధ్యాహ్నమంతా నేర్పించాడు. నివేదిత చెయ్యి రాతిస్తంభంలా కదలదు గానీ, దానికి తొందర ఎక్కువ. బిళ్ళను వాల్చడానికి బదులు పడేస్తుంది. మునిరత్నం ఆమె మణికట్టు పట్టుకుని వాలు చూపించబోయాడు.

"మీరు పట్టుకుంటే నాకూ వణుకొస్తోందండీ."

"సరే, పట్టుకోను. మోచెయ్యి ఆనించు. ఊపిరి విడిచి, మళ్ళీ పీల్చేదానికి ముందు దించాల."

"ఊపిరి పీల్చకుండా ఎంతసేపు ఉండాలి?"

"అది బిళ్ళ చెప్తాది."

సాయంత్రానికి ఆమెకు పదికి రెండు వచ్చాయి. ఆమె బిళ్ళల వంక ఏడుపుముఖంతో చూస్తే మునిరత్నం చాలాసేపు ఓదార్చాడు. ఇది ఎంత కష్టమైన విద్యో, తనకు పదికి పది రావడానికి ఎన్ని నెలలు పట్టిందో, ఎంతెంత చదువుకున్నవాళ్ళు దీని ముందు చేతులెత్తేశారో ఓపిగ్గా వివరించాడు. అతని గొంతులో ఎక్కడో కొద్దిగా హుషారు ఉందని నివేదితకు అనుమానం వచ్చింది గానీ, పెద్దమనిషని ఊరుకుంది.

ఆ రోజు ఇంటికి వెళ్ళి చెప్పులు విప్పకుండానే కనకవల్లికి అంతా చెప్పాడు. చెయ్యి, చెక్క, మల్లెపూలు, పదికి ఏడు. చెప్పి, చేతిని ఆమె ముందు చాపాడు. ఆమె దాన్ని రెండు చేతుల మధ్య పెట్టుకుని, కాసేపు ఆగుతుందేమోనని చూసింది. ఆగలేదు.

"ఇదేనా నువ్వు దాచింది," అంది. "నేనేమో ఇంకేందేందో అనుకుంటిని. రేపు పొద్దున్నే పోదాం డాక్టరు దగ్గరికి."

మునిరత్నానికి డాక్టరంటే భయం. ఏ పేరు పెడతాడో దీనికి, ఎన్నాళ్ళు అంటాడో. అయినా పోవాలనే ఉంది.

"రేపొద్దు," అన్నాడు. "ఎల్లుండి పోదాం. రేపు ఆ పాపకి మూడోది రావాల."